పందెం దారిలో కల్లాపి

రోడ్డు పనిలోకి కొత్తగా వచ్చే కుర్రాళ్ళు నన్ను ముందుగా అడిగేది ఎండ గురించే. కువైట్ ఎండను ముప్ఫై ఏళ్ళు ఎలా తట్టుకున్నారండీ అంటారు. ఎండదేముంది, తలకు గుడ్డ చుట్టుకుని, గంటకోసారి గొంతు తడుపుకుంటూ ఎలాగో నెట్టుకొచ్చేయొచ్చు. నేను నెట్టుకు రాలేకపోయింది వేరే ఉంది. ఒక బుధవారం మధ్యాహ్నం నా కళ్ళముందు జరిగింది, ఆ తర్వాత మూడు రోజులు నేను చేసింది. ఉద్యోగం గురించి రాస్తానంటే మా ఇంట్లోవాళ్ళు సర్టిఫికెట్లన్నీ తెచ్చి బల్ల మీద పెట్టారు. వాటిని బీరువాలో పెట్టించేసి ఇది రాస్తున్నాను.

రోడ్డు మూసేవాడు

నాది అమలాపురం పక్కన ఊరు. కువైట్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీలో ట్రాఫిక్ ఫోర్‌మన్‌గా చేశాను. పైపు పగిలి రోడ్డు తవ్వాల్సి వచ్చినా, వంతెన కింద మరమ్మతు వచ్చినా ముందు మేం వెళ్ళాలి. కోన్లు పెట్టి, బారికేడ్లు నిలబెట్టి, బళ్ళను పక్కదారికి మళ్ళించాలి. పనయ్యాక రోడ్డు ఊడ్చి అప్పగించాలి. చూసేవాళ్ళకు ఇదీ ఒక పనేనా అనిపిస్తుంది. ఒక్క కోను రెండడుగులు అటూ ఇటూ అయితే ఏమవుతుందో చూసినవాళ్ళు మాత్రం ఆ మాట అనరు.

ఇన్నేళ్ళలో నేను రోడ్డు మీద నుంచి ఎన్ని సైకిళ్ళను తోలేశానో లెక్కలేదు. అక్కడ సైకిల్ తొక్కేది కారు కొనలేనివాడు, బస్సు దొరకనివాడు. బకాలా అనే కిరాణా కొట్టు నుంచి సరుకులు మోసే బెంగాలీ, షిఫ్టు దిగి ఖైతాన్ పేటలో తన గదికి వెళ్ళే మనవాడు. వెనక నుంచి కార్లవాళ్ళు హారన్ కొట్టి కొట్టి భయపెట్టేవారు. నేను జెండా ఊపి, యల్లా, పక్కకు పో అని కసిరేవాణ్ణి. వాడి మంచికే కసురుతున్నానని నా నమ్మకం.

అలాంటి నాకు ఒకరోజు మా ఇంజనీరు హానీ ఫోన్ చేసి, సముద్రం పక్క రోడ్డంతా సైకిళ్ళ కోసం మూయాలి, కారన్నది కనపడకూడదు అన్నాడు. హానీ ఈజిప్టువాడు. వేళాకోళం ఆడుతున్నాడనుకున్నాను. కాదట. యూరప్‌లో వందేళ్ళుగా జరిగే పేరున్న సైకిల్ పందేలు ఇప్పుడు గల్ఫ్ దేశాలకు వస్తున్నాయట. పిలిచేవాళ్ళ దగ్గర సొమ్ముంది, చలికాలంలో వాళ్ళకు ఎండ కావాలి, ఇద్దరికీ కుదిరింది. ఒక్కొక్క సైకిల్ ఖరీదు హానీ చెబితే, మా కోనసీమలో చిన్న కొబ్బరితోట వస్తుందని నోరు వెళ్ళబెట్టాను. చోద్యం కాకపోతే ఏమిటిది!

చేత్తో రోడ్డు చూసే మనిషి

పందెం దారి బాధ్యత యాన్ అనే ఒక తెల్లాయనది. ఒకప్పుడు తనూ పందేల్లో తొక్కినవాడే. నాకంటే రెండు మూడేళ్ళు చిన్న. మొదటి రోజు ఆయన్ని కారులో తిప్పి దారి చూపిద్దామనుకున్నాను. ఆయన కిలోమీటరుకు ఒకసారి ఆపమన్నాడు. దిగి, మోకాళ్ళ మీద కూర్చుని, అరచెయ్యి రోడ్డు మీద పెట్టి నిమిరాడు. మా లేబర్ ముసిముసి నవ్వులు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఆ చెయ్యి నా ముందు పెట్టి చూపించాడు. మేం శుభ్రంగా ఊడ్చామనుకున్న రోడ్డు నుంచి అరచేతి నిండా సన్నటి పొడి.

పందెం సైకిల్ టైరు రోడ్డుకు ఆనేది బొటనవేలంత మేరేనని, దాని మీద మనిషి గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో మలుపు తిరుగుతాడని వచ్చీరాని ఇంగ్లీషులో నాకర్థమయ్యేలా చెప్పాడు. నేను ముప్ఫై ఏళ్ళుగా రోడ్డును కారు కిటికీలోంచి చూశానని ఆరోజు తెలిసింది. ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పే మొదటి సంగతి ఇదే. దిగండి, వంగండి, చేత్తో చూడండి.

యాన్ ఇంకో మాట కూడా అన్నాడు. రోడ్డు మీద ఏం వేసినా, ఏం తీసినా, ముందు నాకు ఫోన్ చెయ్యి అని. సరే సార్ అన్నాను. లోపల మాత్రం, ఈ ఇసక దేశం సంగతి నిన్నగాక మొన్న వచ్చిన నువ్వు నాకు చెబుతావా అనుకున్నాను. దాచడం ఎందుకు, అనుకున్నాను.

హానీ గురించీ ఒక మాట. చెడ్డవాడు కాదు. లేబర్‌కు జ్వరం వస్తే తన కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళేవాడు. అయితే పైవాళ్ళ ఫోన్ మోగితే చాలు, మనిషి మారిపోయేవాడు. ముందు తప్పెవరిదో ఒక పేరు దొరకాలి, ఆ తర్వాతే ఆయనకు ఊపిరాడేది. అలాంటి అధికారులు మీకూ తగులుతారు. వాళ్ళ మంచితనం చూసి, వాళ్ళ భయాన్ని మరిచిపోకండి.

కల్లాపి

పందెం రోజు తెల్లవారేసరికి తోజ్ వచ్చింది. తోజ్ అంటే అక్కడి దుమ్ము గాలి. పెద్దదేం కాదు, గంటలో పోయింది. పోతూ పోతూ రోడ్డంతా పసుపుపచ్చగా పొడి పరిచి పోయింది. ఉన్న ఒక్క ఊడ్చే మిషను అవతలి కొసన ఉంది. ఆఖరి మలుపు దగ్గర మా వాళ్ళు చీపుళ్ళతో ఊడుస్తుంటే దుమ్ము లేచి పక్కనే ఉన్న పెద్ద టెంటులోకి పోతోంది. ఆ టెంటు అతిథులది. ముందురోజు సాయంత్రమే నిలబెట్టారు. సోఫాలు, పూలు, గావా అనే అరబ్బు కాఫీ పోసే కుర్రాళ్ళు, అంతా పెళ్ళిపందిరిలా ఉంది.

జనం మాత్రం లేరు. సైకిల్ పందెం చూడ్డానికి పనిరోజున ఎవరొస్తారు? టీవీలో బోసిగా కనపడుతుందని మా లేబర్‌కే కొత్త టోపీలు పెట్టి, చేతికి జెండాలిచ్చి, బారికేడ్ల వెనక వరసగా నిలబెట్టారు. సైకిళ్ళు రాగానే చప్పట్లు కొట్టాలని చెప్పారు. చప్పట్లు కొట్టేది కూడా డ్యూటీయేనా అన్నా అని వాళ్ళు నన్ను ఆటపట్టించారు.

పదకొండు గంటలకు హానీ ఫోన్. పెద్దలు వచ్చేశారు, గావాలో దుమ్ము పడుతోంది, ఏదో ఒకటి చెయ్యి సూర్యం అని అరిచాడు. నేను వాటర్ ట్యాంకరును పిలిచాను.

ట్యాంకరు డ్రైవరు ఖాదర్ బాషాది రాయచోటి. నాతో పదకొండేళ్ళు పనిచేశాడు. ఒక్కనాడు కూడా ఎదురు చెప్పి ఎరగడు. అతని భార్య నూర్జహాన్ ఫహాహీల్‌లో ఒక కువైటీ ఇంట్లో పనిమనిషి. ఒకే దేశంలో ఉండి కూడా మొగుడూ పెళ్ళాం వారానికి ఒక్కసారి, శుక్రవారం రెండు మూడు గంటలు మాత్రమే కలుసుకునేవాళ్ళు. ఆ రెండు గంటల కోసమే ఇక్కడ ఉండానన్నా అని నాతో అనేవాడు.

పల్చగా చల్లమని చెప్పగానే ఖాదర్ బండి దిగాడు.

"అన్నా, ఇట్ల తడిపి ఇడిస్తే జారుడైతాది. కడిగితే ఒత్తిడి పెట్టి బాగా కడగల్ల, ల్యాకుంటే ముట్టకుండా ఇడ్సల్ల. మొదటి వాన పడినప్పుడు కార్లు ఎట్ల జారతాయో నువ్వు చూసిండావు గదా?"

చూశాను. ప్రతి ఏడూ చూశాను. నెలల తరబడి పేరుకున్న దుమ్మూ, నూనే, టైర్ల రబ్బరూ మొదటి చినుకుకు నానితే రోడ్డు సబ్బులా తయారవుతుందని నాకంటే తెలిసినవాడు ఎవడు? అయినా ఆ క్షణంలో నా కళ్ళకు టెంటు కనిపించింది గానీ రోడ్డు కనపడలేదు. మా అమ్మ రోజూ పొద్దున్నే దుమ్ము లేవకుండా వాకిట్లో నీళ్ళు చల్లేది, చుట్టాలొచ్చే రోజయితే ఇంకోసారి చల్లేది. నా చేతికి ఆ అలవాటే వచ్చింది.

"ముప్ఫై ఏళ్ళు ఈ రోడ్ల మీదే ఉన్నానురా. వాకిట్లో కల్లాపి చల్లినట్టు చల్లెయ్యి. పది నిమిషాల్లో ఎండకి ఆరిపోద్ది."

అతను బండెక్కి చల్లాడు. నేను పక్కనే నడుస్తూ ఇటు ఇంకొంచెం, అటు ఇంకొంచెం అని చేత్తో చూపించాను. దుమ్ము అణిగింది. హానీ టెంటులోంచి బొటనవేలెత్తి చూపించాడు. యాన్‌కు ఫోన్ చెయ్యాలన్న ఊహే రాలేదు. వచ్చిందేమో, నేనే తోసేశానేమో, ఇప్పుడు గట్టిగా చెప్పలేను.

మలుపు

ఎండ పడినచోట పది నిమిషాల్లోనే ఆరింది. అయితే చలికాలపు ఎండ ఏటవాలుగా పడుతుంది. మలుపు లోపలి అంచు మీద టెంటు నీడ పడింది. అక్కడ ఆరలేదు. ఆ నీడ ముందురోజు లేదు, ఎందుకంటే ముందురోజు మేం కొలతలు తీసుకున్నప్పుడు అక్కడ టెంటే లేదు. నేను మాత్రం వంగి చూడలేదు.

సైకిళ్ళు వచ్చాయి. అంతమంది ఒక్క గుంపుగా అంత వేగంతో రావడం నేను అదే మొదటిసారి చూడ్డం. గొలుసుల చప్పుడు ముందు వినిపించింది. అబ్బ అనుకున్నాను. నిజంగా అందంగా ఉంది. మా వాళ్ళు చప్పట్లు మొదలుపెట్టారు.

ముందు వరసలో లోపలి అంచున ఉన్న కుర్రాడి చక్రం పక్కకు పోయింది. అతని మీద ఇంకొకడు, వాళ్ళ మీద పదిమంది. బారికేడ్లు లేచిపడ్డాయి. ఆ చప్పుడు ఎలా ఉందో రాయడం నా చేతకాదు. ఇదంతా జరుగుతుంటే మా లేబర్‌లో సగం మంది ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు. సైకిళ్ళు రాగానే కొట్టమన్నారు, ఆపమని ఎవరూ చెప్పలేదు. 

నేను పరుగెత్తాను. చాలామంది లేచారు, బట్టలు చినిగి, రక్తం కారుతూ. మొదట పడిన కుర్రాడు లేవలేదు. ఇరవై రెండేళ్ళుంటాయేమో. కళ్ళు తెరిచే ఉన్నాయి. మోచేతి నుంచి మణికట్టు దాకా బూడిదరంగు బురద మెత్తినట్టుంది. అది నేను చేసిన బురద. అంబులెన్సు వాళ్ళు నన్ను పక్కకు నెట్టారు. తుంటి ఎముక విరిగిందనీ, భుజం విరిగిందనీ, ప్రాణానికి భయం లేదనీ సాయంత్రం తెలిసింది. మళ్ళీ ఎప్పుడు తొక్కుతాడో ఎవరూ చెప్పలేకపోయారు.

యాన్ వచ్చి మలుపు దగ్గర వంగి చెయ్యి పెట్టాడు. చెయ్యి ఎత్తి చాలాసేపు దాన్నే చూసుకున్నాడు. నేను ఆయనకు పది అడుగుల దూరంలో ఉన్నాను. అప్పుడే చెప్పాల్సింది.

కాగితం

మధ్యాహ్నం మూడు గంటలకు హానీ ఆఫీసుకు పిలిచాడు. కాగితం సిద్ధంగా ఉంది. ట్యాంకరు వాల్వు సరిగ్గా బిగించక నీళ్ళు కారాయి, డ్రైవరు నిర్లక్ష్యం, అని రాసి ఉంది. ఖాదర్ ఇఖామా, అంటే అక్కడ ఉండే అనుమతి, రద్దు చేసి పంపేస్తారట. ఫోర్‌మన్‌గా నా సంతకం కావాలట.

నీళ్ళు నేనే చల్లమన్నానని హానీకి తెలుసు, బొటనవేలు చూపించింది ఆయనే. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. నాకింక రెండు నెలల్లో రిటైర్మెంటు. ముప్ఫై ఏళ్ళు మచ్చ లేకుండా చేశాడు సూర్యం అనిపించుకుని వెళ్ళిపోవాలని ఉండేది. పైవాళ్ళు కోపంగా ఉన్నారు, నాలుగు రోజులు పోతే చల్లారుతుంది, అప్పుడు మెల్లగా ఖాదర్ సంగతి చూద్దాం అన్నాడు హానీ. ఆ మాట అబద్ధమని ఇద్దరికీ తెలుసు. సంతకం పెట్టాను.

ఎవరో బెదిరించారనీ, గత్యంతరం లేకపోయిందనీ రాసుకుంటే బాగుంటుంది. ఎవరూ బెదిరించలేదు. పెన్ను నా జేబులోదే.

ఖాదర్‌ను ఖైతాన్ గదిలోంచి కదలొద్దన్నారు. అతని గుర్తింపు కార్డు, బతాకా, లాక్కున్నారు. శనివారం సాయంత్రం విమానానికి టికెట్టు తీశారు. అతనికి ఆ కాగితం సంగతి తెలియదు. గురువారం నాకు ఫోన్ చేసి, రేపు శుక్రవారం నూర్జహాన్ ఫహాహీల్‌లో ఎదురు చూస్తాంటాది, నన్ను పోనీడం లేదు, ఫోన్లో చెప్పినా గానీ నువ్వొకసారి పోయి దైర్యం చెప్పి రా అన్నా అని అడిగాడు. సరేనన్నాను. 

ఫహాహీల్

శుక్రవారం నేనుండే రిగ్గై నుంచి బస్సెక్కి వెళ్ళాను. నూర్జహాన్ బజారు దగ్గర సముద్రం గట్టున నిలబడి ఉంది. చేతిలో టిఫిన్ డబ్బా. మామా అన్నం పెట్టించి ఇచ్చిందని చెప్పింది. మామా అంటే ఆమె పనిచేసే ఇంటి యజమానురాలు. అక్కడ పనిచేసే ఆడవాళ్ళు అలాగే పిలుస్తారు. నేను తల వంచుకుని, ఖాదర్‌ను గదిలో ఉంచారనీ, పంపించేస్తారేమోననీ సగం సగం చెప్పాను. ఎలాగూ ఏడుస్తుంది, ఓదార్చి వచ్చేద్దామనుకున్నాను. ఆమె ఏడవలేదు.

"మీరుండారు గదన్నా. ఆయప్ప ఫోన్లో అదే చెప్పినాడు, సూర్యమన్న ఉండాడు, ఆయన చూసుకుంటాడు, నువ్వు బయపడాకు అని. అందుకే నేను ఏడ్చల్యా."

ఆమె డబ్బా నా చేతిలో పెట్టి, చల్లారకముందే ఇయ్యండన్నా అని చెప్పి, మామాను రెండు గంటలే అడిగినానంటూ గబగబా వెళ్ళిపోయింది. డబ్బా ఖైతాన్‌లో ఖాదర్ గది వాచ్‌మన్‌కు ఇచ్చి, పైకి వెళ్ళకుండా వచ్చేశాను. పైకి వెళ్ళే మొహం ఎక్కడుంది నాకు?

శనివారం

పొద్దున్నే యాన్ దిగిన హోటలుకు వెళ్ళాను. ఆయన పెట్టె సర్దుకుంటున్నాడు. నీళ్ళు చల్లమన్నది నేను, డ్రైవరు వద్దన్నాడు, నేను వినలేదు అని నిలబడే చెప్పేశాను. కేకలేస్తాడనుకున్నాను. మంచం మీద కూర్చుండిపోయాడు. అక్కడ నీళ్ళు పడ్డాయని ఆరోజే తెలుసన్నాడు. తడిసినది ఎంత మేరో చూస్తే వాల్వు కారి పడ్డ నీళ్ళు కావని అనుమానం కూడా వచ్చిందట.

"ఆ కాగితం కింద నీ సంతకం ఉంది. అందుకని నమ్మాను."

అంతకంటే ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది. నేను అక్కడే, హోటలు కాగితం మీదే జరిగింది జరిగినట్టు నా చేత్తో రాసిచ్చాను. యాన్ హానీకి ఫోన్ చేశాడు, ఆ పైవాళ్ళకు చేశాడు. మధ్యాహ్నానికి ఖాదర్ టికెట్టు రద్దయింది. బతాకా తిరిగి ఇచ్చారు. హానీ నన్ను పిలిచి, ఎలాగూ వెళ్ళిపోయేవాడివి కదా, ఎందుకు తవ్వుకున్నావు, ఖలాస్ అయిపోయేది కదా అని తల పట్టుకున్నాడు. నన్ను ఆ నెలాఖరుకే ఇంటికి పొమ్మన్నారు. అంతే. నేను మూడు రోజులు వణికిపోయింది ఆ మాత్రానికి! డ్రైవరు చేస్తే నేరమైనది ఫోర్‌మన్ చేస్తే పొరపాటయింది. నన్ను అన్నిటికంటే నివ్వెరపరిచింది అదే.

ఆ పందేలు ఇంకా వస్తాయి. గల్ఫ్‌లో ఇంకొక దేశం, ఇంకొక సముద్రపు రోడ్డు. సొమ్ముంటే పందెం తెప్పించుకోవచ్చు, టెంటు వేసుకోవచ్చు, చప్పట్లు కూడా కొట్టించుకోవచ్చు. ఆ దారిని కాచేది మీలాంటివాళ్ళే. తప్పు చెయ్యని ఫోర్‌మన్ ఉండడు. తప్పు చేసిన గంటలోనే, ఎదురుగా నిలబడ్డ మనిషికి చెప్పేయండి. గంట దాటితే దానికి కాళ్ళొస్తాయి, పోయి ఇంకొకడి మెడకు చుట్టుకుంటుంది.

శనివారం సాయంత్రమే ఖైతాన్ వెళ్ళి మెట్లెక్కాను. నిజం చెప్పాలంటే కొంచెం ధైర్యంగానే ఎక్కాను. పీకల మీదికి వచ్చినది తప్పించాను కదా, నన్ను చూడగానే లేచొచ్చి చెయ్యి పట్టుకుంటాడనుకున్నాను. ఖాదర్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. సంగతంతా అప్పటికే తెలిసింది. కూర్చోమనలేదు. నా వైపు కోపంగా కూడా చూడలేదు. మెల్లగా ఒక్క మాట అడిగాడు.

"మూడు దినాలు ఏం చేస్తాంటివన్నా?"

అతను లేచి, గుమ్మంలో నిలబడ్డ నన్ను దాటుకుని నమాజుకు వెళ్ళిపోయాడు.